దక్షిణ ఫ్రాన్స్‌లో మ్యూజియాలకు ఎన్ని రోజులు కేటాయించాలి?

వారం రోజులు నీస్ నగరంలో బస చేయబోతున్నామని, మీకు చిత్రకళ మీద మక్కువ ఉంటే ఇంట్లో మిగతావారికి సముద్రమూ కొండల మీది ఊళ్లూ చూడాలని ఉందని, ఉన్న రోజులను ఈ రెండింటికీ ఎలా పంచుకోవాలని అడిగారు. ఆ ప్రాంతంలో ఈ పంపకం అవసరం లేదని నా అభిప్రాయం. అక్కడ చెప్పుకోదగ్గ మ్యూజియాలు చాలావరకు చిత్రకారులు నివసించిన, పనిచేసిన ఊళ్లలోనే ఉన్నాయి కాబట్టి వాటిని వెతుక్కుంటూ వెళితే కొండలూ సముద్రమూ దారిలోనే ఎదురవుతాయి.

ఒక్కటే చూసే వీలుంటే వాన్స్ ఊరిలో ఫ్రెంచ్ చిత్రకారుడు మాతీస్ రూపొందించిన ప్రార్థనా మందిరానికి వెళ్లండి. పెద్ద శస్త్రచికిత్స తర్వాత తనకు సేవ చేసిన యువతి తరువాతి కాలంలో సన్యాసిని అయి వాన్స్‌లోని మఠంలో చేరడం, ఆ మఠానికి ఒక మందిరం కావలసి రావడం వల్ల, ఎనభైకి చేరువైన వయసులో ఆయన ఈ పనికి పూనుకుని 1951 నాటికి పూర్తి చేశారు. బయటి నుంచి చూస్తే అది పెద్దగా ఆకట్టుకోదు. లోపలి గోడల మీద తెల్లని పింగాణీ పలకలూ, వాటిపై నల్లని గీతలతో వేసిన బొమ్మలే తప్ప రంగు లేదు. రంగంతా కిటికీ అద్దాలలోనే ఉంది. పసుపు అద్దాన్ని మసకగానూ, ఆకుపచ్చ, నీలం అద్దాలను పారదర్శకంగానూ ఉంచడంతో ఆ రెండింటిలోంచి బయటి చెట్లు కనిపిస్తాయి, పసుపులోంచి మాత్రం వెలుతురు ఒక్కటే లోపలికి వస్తుంది. నేను శీతాకాలంలో, ఉదయం పదకొండు ప్రాంతంలో, ఎండ ఏటవాలుగా పడే వేళ వెళ్లాను. ఆ రంగులు నేల మీదా, ఎదుటి గోడపై గీతల మీదా పరుచుకుని, మబ్బు అడ్డం వచ్చినప్పుడల్లా చెరిగిపోయి, మళ్లీ మెల్లగా తేరుకుంటూ కనిపించాయి. పుస్తకాల్లో ఫొటోలు చూసినవారికి ఈ కదలిక ఉంటుందని తట్టదు. అందువల్ల ఆకాశం మూసుకుని ఉన్న రోజైతే ఈ ప్రయాణాన్ని వాయిదా వేసుకోండి.

వాన్స్‌కు వెళ్లే బస్సు దారిలోనే సెంట్ పాల్ ఉంది. ఆ ఊరి సందుల్లో అడుగడుగునా కనిపించే గ్యాలరీలలో ఎక్కువ భాగం పర్యాటకుల కోసం తెరిచిన దుకాణాలే అనిపించింది. వాటిలో కాలం వృథా చేసుకోకుండా కోటగోడ వెంట నడిచి, చిత్రకారుడు షగాల్ సమాధి ఉన్న శ్మశానం చూసి, ఊరి వెలుపలి మాగ్ ఫౌండేషన్ అనే కళా మ్యూజియానికి వెళ్లడం మేలు. పైన్ చెట్ల మధ్య 1964లో ప్రారంభమైన ఈ భవనంలో శిల్పి జకొమెత్తి శిల్పాలు ఆరుబయటి ప్రాంగణంలో నిలబడి ఉంటాయి. స్పెయిన్ కళాకారుడు మీరో చేసిన శిల్పాలతో కూడిన తోట కూడా ఉంది కనుక మ్యూజియం అనగానే ముఖం చిట్లించేవారు సైతం ఇక్కడ విసుగు చెందరు.

కాన్య ఊరిలోని చిత్రకారుడు రెన్వార్ ఇంటికి చిత్రాల కోసమే వెళితే నిరాశ తప్పదు, ఎందుకంటే ఆయన ప్రసిద్ధ చిత్రాలు అక్కడ లేవు. కొట్టేయబోతున్న పాత ఆలివ్ చెట్లను కాపాడడానికి ఆయన 1907లో కొన్న తోట మాత్రం ఇప్పటికీ ఉంది. కీళ్లవాతంతో వేళ్లు వంకర్లు పోయినా 1919లో మరణించేవరకు బొమ్మలు వేస్తూనే ఉన్న మనిషి చక్రాల కుర్చీని ఆ ఇంట్లో ఆయన పనిచేసిన గదిలో చూశాక, అక్కడి నుంచి త్వరగా కదలాలనిపించలేదు.

ఆంటీబ్‌కు రైలులో వెళ్లవచ్చు. ఆ ఊళ్లో సముద్రాన్ని ఆనుకున్న కోటలో 1946లో పికాసో కొన్ని వారాలు పనిచేశారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో సామగ్రి దొరకక పడవలకు వేసే రంగులు కూడా వాడారు. ఆ కోటే ఇప్పుడు ఆయన పేరిట మ్యూజియం. ఇంట్లోవారిలో సముద్రం కావాలనే వారికి దాని మేడ మీది ఆరుబయలు చాలు.

నీస్‌లోనే ఉన్న షగాల్ మ్యూజియాన్ని వాన పడిన రోజుకు అట్టిపెట్టుకోండి.

రోజుకు ఒకటి, అదీ ఉదయం పూట, చూస్తే సరిపోతుంది, మధ్యాహ్నాలు అందరివీ. నీస్‌లోని షగాల్, మాతీస్ మ్యూజియాలూ, రెన్వార్ ఇల్లూ మంగళవారం మూసి ఉంటాయి, ఆంటీబ్‌లోని పికాసో మ్యూజియానికి సోమవారం సెలవు. మాతీస్ మందిరాన్ని సందర్శకులకు అన్ని రోజులూ తెరవరు కాబట్టి, ముందు దాని వేళలు చూసుకుని ఆ రోజును ఖాయం చేసుకున్నాకే మిగిలిన వాటిని అమర్చుకోండి.