ఆర్కిడ్‌కి పేరు పెట్టడంలో హరితరేణువు సాక్ష్యం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: రెండు డెండ్రోబియం (ఒక ఆర్కిడ్ ప్రజాతి) మొక్కలకు హరితరేణువులోని ఆర్‌బీసీఎల్, మాట్‌కే జన్యువులు చదివించాం. డీఎన్‌ఏ క్రమాల బహిరంగ భాండాగారం జీన్‌బ్యాంకులో వెతికితే ఒక్కోదానికి నాలుగైదు జాతులు 99 శాతం పైనే సరిపోలుతున్నాయి. హరితరేణు జీనోమ్ (హరితరేణువులోని డీఎన్‌ఏ) మొత్తం చదివిస్తే తేలుతుందా?
– ఎమ్మెస్సీ విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: చాలావరకు తేలుతుంది. 2009లో మొక్కల బార్‌కోడ్‌గా, అంటే జాతిని గుర్తుపట్టే డీఎన్‌ఏ ముక్కలుగా ఎంచుకున్న ఆ రెండూ కలిపినా ఒకటిన్నర వేల క్షారాలు (డీఎన్‌ఏ అక్షరాలు) రావు. ప్రజాతి ఏదో చెబుతాయి గానీ, ఈమధ్యే విడిపోయిన జాతుల దగ్గర చేతులెత్తేస్తాయి. డెండ్రోబియంలో హరితరేణు జీనోమ్ సుమారు లక్షన్నర క్షార జతల వలయం. పనికొచ్చే తేడాలు ఎక్కువగా జన్యువుల మధ్య ఖాళీల్లో, వైసీఎఫ్1 జన్యువులో దొరుకుతాయి.

హరితరేణువులను విడిగా తీయనక్కర్లేదు. ఆకులోని మొత్తం డీఎన్‌ఏను ఇల్యూమినా డీఎన్‌ఏ యంత్రం మీద 150 క్షారాల జంట రీడ్లుగా (రెండు కొసల నుంచి చదివిన ముక్కలుగా) 3–5 గిగాబేస్‌లు (వంద కోట్ల క్షారాల చొప్పున) చదివిస్తే సాధారణంగా చాలు. ఎందుకంటే కణంలో హరితరేణు జీనోమ్ ప్రతులు అంత ఎక్కువగా ఉంటాయి. పాఫియోపెడిలమ్ లాంటి ఆర్కిడ్లలో కేంద్రక జీనోమ్ చాలా పెద్దది కనుక హరితరేణువు వాటా పలచబడుతుంది, ఇంకా ఎక్కువ చదివించాలి.

అసలు ఇబ్బంది అంతకుముందే వస్తుంది. డెండ్రోబియం నిండా జిగురు. డీఎన్‌ఏ తీయడానికి వాడే మామూలు సీట్యాబ్ (ఒక డిటర్జెంట్) పద్ధతిలో పోతే చివరికి ట్యూబు అడుగున జెల్లీ ముద్ద మిగులుతుంది. అది పిపెట్‌కి అంటుకుని సాగుతుంది, నీళ్లలో కరగదు, తర్వాతి ఎంజైముల్ని పనిచేయనివ్వదు. లేత ఆకు కోసి, దాని బరువుకు పదింతల సిలికా జెల్‌లో ఆరబెట్టండి. ఎండు ఆకు 20 మిల్లీగ్రాములు చాలు. ఎక్కువ వేస్తే పెరిగేది జిగురే. పొడి చేశాక, సీట్యాబ్ పోయకముందే సార్బిటాల్ బఫర్ కలిపి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పై ద్రవం పారబోయండి. ఆ ద్రవం తీగలా సాగడం మానేదాకా రెండు మూడుసార్లు ఇలాగే కడగాలి. ఆపైన 2 శాతం పీవీపీ (ఆకులోని ఫినాల్స్‌ను పట్టుకునే పాలిమర్) ఉన్న సీట్యాబ్‌లో 65 డిగ్రీల వద్ద అరగంట నుంచి గంట, తర్వాత 24:1 క్లోరోఫామ్–ఐసోఅమైల్ ఆల్కహాల్. డీఎన్‌ఏ శుభ్రతను చెప్పే 260/230 కాంతి శోషణ నిష్పత్తి 1.8 కంటే బాగా తగ్గితే మళ్లీ శుద్ధి చేయాల్సిందే.

పూవుతో సహా హెర్బేరియం నమూనా (ఎండబెట్టి అట్టకు అతికించిన మొక్క) దాచారా? అది లేకపోతే ఎంత పొడవు జీనోమ్ అయినా ఏ మొక్కదో రుజువు చేయలేరు. జీన్‌బ్యాంకులో తప్పు పేర్లతో చేరినవీ ఉన్నాయి; ఒక్క నమూనాతో పోల్చి పేరు ఖాయం చేయకండి.

ప్రశ్న: రీడ్లను హరితరేణు జీనోమ్‌గా కూర్చే సాఫ్ట్‌వేర్ గెట్‌ఆర్గనెల్ రెండు వేర్వేరు జీనోమ్‌లు ఇచ్చింది. ఏది సరైనది? హరితరేణువులోని ఎన్‌డీహెచ్ అనే జన్యువుల గుంపు కూడా తెగిపోయి కనిపిస్తోంది.
– పరిశోధక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: రెండు ఫలితాలకూ తేడా చిన్న ఏకప్రతి భాగం (వలయంలో ఒక్కసారే ఉండే చిన్న ముక్క) తిరగబడటం ఒక్కటే అయితే, రెండూ సరైనవే. వలయంలో ఒకదానికొకటి తిరగేసినట్టుండే రెండు పెద్ద ప్రతులున్నాయి; వాటిని ఐఆర్ అంటారు. వాటి మధ్య ఇరుక్కున్న ఆ చిన్న భాగం మొక్కలోనే రెండు దిశల్లోనూ ఉంటుంది. పోల్చే జాతులన్నిటిలో దాన్ని ఒకే దిశలో పెట్టుకోండి. అది చూసుకోకుండా క్రమాలను పక్కపక్కన పేర్చే మాఫ్ట్ సాఫ్ట్‌వేర్‌కి ఇస్తే, ఆ ముక్కంతా పొంతన కుదరక లేని తేడాలు వేలల్లో పుట్టుకొస్తాయి. వంశవృక్షం గీసే ముందు ఐఆర్ ప్రతుల్లో ఒకటి తీసేయండి. ఒకే సాక్షిని రెండుసార్లు పిలవడం ఎందుకు?

ఎన్‌డీహెచ్ సంగతికి కంగారు వద్దు. ఆర్కిడ్లలో మొదటగా 2006లో చదివిన ఫలెనాప్సిస్ అఫ్రొడైట్‌లోనే ఆ 11 జన్యువుల్లో కొన్ని పూర్తిగా పోయాయి, మిగిలినవి చెడిపోయి ఉన్నాయి. అయితే ఈ నష్టం వేర్వేరు శాఖల్లో విడివిడిగా జరిగింది కాబట్టి, రెండు జాతులకూ ఎన్‌డీహెచ్ లేదని వాటిని దగ్గరి చుట్టాలుగా లెక్కగట్టకూడదు. సాఫ్ట్‌వేర్ ఈ శిథిలాలకు కూడా నిక్షేపంగా జన్యువు అని పేరు పెట్టేస్తుంది. మధ్యలో స్టాప్ కోడాన్లు (ప్రోటీన్ తయారీని ఆపేసే గుర్తులు) ఉన్నాయేమో మీరే చూడాలి. ఆకులే లేకుండా శిలీంధ్రాల మీద బతికే ఎపిపోజియం రోజియంలో జీనోమ్ మొత్తం సుమారు 19 వేల క్షార జతలకు కుంచించుకుపోయింది.

ప్రశ్న: రాస్నా అనే ఆయుర్వేద మూలిక పేరుతో అమ్మే వేర్లు అసలువో కావో ఈ హరితరేణు జీనోమ్ పరీక్షతో తెలుస్తుందా?
– ఆయుర్వేద వైద్యుడు, తిరుపతి

జవాబు: ఇంత హంగామా అక్కర్లేదండీ. ఆ పేరుతో అమ్మే వాండా టెస్సలేటా ఆర్కిడ్ కుటుంబం, దుంపరాష్ట్రం అల్లం కుటుంబం, ప్లూకియా లాన్సియోలేటా చామంతి కుటుంబం. వీటిని విడదీయడానికి ఆర్‌బీసీఎల్ ఒక్కటి చాలు. ముక్కలుగా ఉంటే అదీ వద్దు, అడ్డంగా పలచగా కోసి సూక్ష్మదర్శినిలో చూడండి: వాండా వేరు చుట్టూ వెలామెన్ అనే స్పాంజి పొర కనిపిస్తుంది. పొడిలో డీఎన్‌ఏ ముక్కలై ఉంటుంది కనుక 200 క్షారాల చిన్న బార్‌కోడ్ ఎంచుకోండి.

ప్రశ్న: నర్సరీలో కొన్న సంకర డెండ్రోబియం తల్లిదండ్రులెవరో చెప్పగలరా?
– పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: హరితరేణువు ఆర్కిడ్లలో సాధారణంగా తల్లి నుంచే వస్తుంది, కాబట్టి అది చెప్పేది తల్లి వైపు సంగతే. తండ్రి కోసం ఇద్దరి నుంచీ వచ్చే కేంద్రక డీఎన్‌ఏలోని ఐటీఎస్ అనే ముక్క చదివించండి. జాతుల మధ్య తేడా ఉండే స్థానాల్లో గ్రాఫులో రెండు శిఖరాలు ఒకదానిమీద ఒకటి కనిపిస్తే, సంకరమనే అనుమానించాలి. కొన్ని తరాలు దాటిన సంకరాల్లో ఒక వైపు ఆనవాలు చెరిగిపోవచ్చు. అప్పుడు ఐటీఎస్ ఒక్కటే చాలదు, మరికొన్ని కేంద్రక జన్యువులూ చూడాలి.