హనోయ్‌లో నాలుగు రోజులు: రోజుకు రెండు వేలు సరిపోతాయా?

వియత్నాం రాజధాని హనోయ్‌లో నాలుగు రోజులు తిరగాలని మీరు నన్ను సలహా అడిగారు. ఫ్లైటు, వీసా ఖర్చులు పోను రోజుకు రెండు వేల రూపాయలే పెట్టగలనన్నారు. ఒంటరి ప్రయాణం, శాకాహారం, పైగా రద్దీ అంటే టెన్షన్ అన్నారు. డబ్బు సరిపోతుంది. 2024 మార్చిలో నాకు అంతకన్నా తక్కువే అయింది. ముందు ఆ టెన్షన్ సంగతి చెబుతాను.

మొదటి సాయంత్రం పాత బస్తీలో ఒక రోడ్డు పక్కన పది నిమిషాలు నిలబడిపోయాను. బైకుల వరద తెగడం లేదు. హైదరాబాద్‌లో పెరిగినవాణ్ణి, రోడ్డు దాటడం నాకొకరు నేర్పాలా అనుకున్నాను. మన అలవాటేమిటి? చెయ్యి అడ్డం పెట్టి, సందు దొరగ్గానే పరుగు తీయడం. అక్కడ ఆ పరుగే ప్రమాదం. బైకు నడిపేవాడు మీ తర్వాతి అడుగు ఎక్కడ పడుతుందో చూసుకుని పక్కకు తప్పుకుంటాడు. మీరు ఉలిక్కిపడి ఆగినా, వెనక్కి జరిగినా వాడి లెక్క తప్పుతుంది. చివరికి కూరగాయల సంచీతో ఒక ముసలావిడ వచ్చి, ఎటూ చూడకుండా, గుడిలో ప్రదక్షిణ చేస్తున్నట్టు నింపాదిగా నడిచి వెళ్ళింది. నేనూ ఆవిడ పక్కనే నడిచి దాటాను. కార్లు, బస్సుల దగ్గర మాత్రం ఈ ధైర్యం వద్దు, అవి వెళ్ళేదాకా ఆగాల్సిందే.

రద్దీ లేని హనోయ్ కావాలంటే పొద్దున్నే అయిదింటికి హోవాన్ కీమ్ చెరువు దగ్గరికి వెళ్ళండి. పెద్దవాళ్ళు గుంపులుగా పాటలు పెట్టుకుని వ్యాయామం, డాన్సు చేస్తుంటారు. వారాంతంలో చెరువు చుట్టూ రోడ్లమీదికి వాహనాలను రానివ్వరు కాబట్టి, మీ నాలుగు రోజుల్లో శని, ఆదివారాలు కలిసేలా చూసుకోండి. లాంగ్ బియెన్ వంతెన కూడా నడిచి చూడాల్సిందే. ఫ్రెంచివాళ్ళు 1902లో పూర్తి చేశారు. మధ్యలో రైలు పట్టాలు, రెండు పక్కలా బైకులు. వీటిలో దేనికీ టికెట్ లేదు.

ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్ళోకి 86 నంబరు బస్సులో వచ్చాను, 45,000 డాంగ్‌లు. అప్పుడు మన రూపాయికి దాదాపు 300 డాంగ్‌లు వచ్చేవి, అంటే నూట యాభై రూపాయలన్నమాట. హాస్టల్లో మంచం ఆరొందలు, టిఫిన్ అందులోనే. దూరాలకు గ్రాబ్ బైకు ఎక్కాను. యాప్‌లో ఛార్జీ ముందే కనిపిస్తుంది, బేరం తలనొప్పి ఉండదు.

నోట్ల దగ్గర జాగ్రత్త. 20,000 నోటూ 5,00,000 నోటూ రెండూ నీలంగానే ఉంటాయి. నేను ఒక టీ బండి దగ్గర పెద్ద నోటు ఇచ్చేశాను. ఆవిడ నవ్వి, దాన్ని నా చేతిలో పెట్టి, నా పర్సులోంచి చిన్న నోటు తనే వేలితో చూపించింది. అందరూ అలా ఉండరు. మర్నాడు చెరువు దగ్గర ఒకతను వంగి, నేను వద్దనేలోపే నా చెప్పుకు జిగురు పూసేసి మూడు లక్షల డాంగ్‌లు అడిగాడు. లక్షకు తెగింది. ఆ చెప్పు హైదరాబాద్‌లోనే మూడొందల రూపాయలకు కొన్నది!

తిండికి ఒక్క మాట నేర్చుకోండి: 'చై'. మన చాయ్‌లాగే వినిపిస్తుంది గానీ శాకాహారం అని అర్థం. ఆ బోర్డున్న హోటల్లో అన్నం, టోఫు, రెండు మూడు రకాల కూరలు కలిపి నూట యాభై రూపాయల లోపే పెట్టారు. చాంద్రమాసం మొదటి రోజున, పున్నమికి అక్కడివాళ్ళలో చాలామంది మాంసం మానేస్తారు, ఆ రోజుల్లో మీకు ఇంకా సులువు. మామూలు హోటళ్ళలో 'కూరగాయలే' అన్నా నూక్ మామ్ అనే చేపల సాస్ పడే అవకాశం ఉంది, అడగకుండా తినకండి. గుడ్డు తింటే ఎగ్ కాఫీ వదలొద్దు. 1946లో పాలు దొరక్క, ఒక హోటల్ ఉద్యోగి పచ్చసొన గిలకొట్టి కాఫీ మీద వేశాడట. నాకైతే కాఫీ తాగినట్టు లేదు, వేడి వేడి మిఠాయిని చెంచాతో తిన్నట్టుంది. రెండోది కూడా చెప్పాను.

చాలామంది ఒక రాత్రి ఉండి హాలాంగ్ బే అనే సముద్రతీర ప్రాంతానికి పరిగెడతారు. నా మటుకు నేను ఆ టూర్ డబ్బు మిగుల్చుకుని, ఫుట్‌పాత్ మీద చిన్న ప్లాస్టిక్ స్టూలేసుకుని పది పదిహేను రూపాయల ఐస్ టీతో గంటలు గడిపాను. మొదటి రోజు భయపెట్టిన బైకులే మూడో రోజుకి కాలక్షేపమయ్యాయి. ఒకడు వెనక సీటుకు ఏకంగా ఒక నారింజ చెట్టు కట్టుకుని వెళ్ళాడు.

మార్చిలో వెళ్తే మాత్రం బట్టలు ఒక జత ఎక్కువ పెట్టుకోండి. రోజంతా సన్న తుంపర, గాల్లో తేమ. హాస్టల్లో ఆరేసిన నా చొక్కా మూడు రోజులైనా ఆరలేదు, తడిగానే మడిచి బ్యాగులో వేసుకున్నాను.