వెస్ట్ పాయింట్ ఫిట్‌నెస్ టెస్ట్: పుల్-అప్ ఒక్కటీ రాని అమ్మాయికి ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు రాసింది ఇదీ కదా: మీ అమ్మాయి హైస్కూల్లో జూనియర్ (పదకొండో తరగతి), అమెరికా ఆర్మీ అకాడమీ వెస్ట్ పాయింట్‌కీ నేవీ అకాడమీ అనాపొలిస్‌కీ అప్లై చేస్తుంది, క్రాస్ కంట్రీ, అంటే దూరపు పరుగు, పరుగెత్తే పిల్ల కాబట్టి మైలు గురించి బెంగ లేదు, కానీ పుల్-అప్ ఒక్కటి కూడా రావడం లేదు, బాస్కెట్‌బాల్ విసిరితే 30 అడుగులు దాటడం లేదు, జిమ్‌లో చేర్పించాలా లేక పర్సనల్ ట్రైనర్‌ని పెట్టాలా అని. నన్నడిగితే రెండూ అక్కర్లేదు. తలుపు గుమ్మానికి తగిలించే బార్ ఒకటి, స్టాప్‌వాచ్, పొడుగు టేపు, ఒక బాస్కెట్‌బాల్, వీటన్నిటికంటే ముందు కొన్ని నెలల టైమ్ కావాలి. మా అమ్మాయి కూచిపూడి నేర్చుకున్న పిల్ల, కాళ్ళు ఉక్కు, చేతుల్లో మాత్రం బలం లేదు. బార్ పట్టుకుని అలా వేలాడడం తప్ప అంగుళం పైకి లేచేది కాదు. ఇప్పుడు వెస్ట్ పాయింట్‌లో రెండో ఏడాది చదువుతోంది.

టెస్ట్ గురించి తెలియని తల్లిదండ్రులు కూడా చదువుతారు కాబట్టి అదేంటో రెండు ముక్కల్లో చెప్తాను. దీన్ని సి.ఎఫ్.ఎ. అంటారు, క్యాండిడేట్ ఫిట్‌నెస్ అసెస్‌మెంట్. మా అమ్మాయి ఇచ్చినప్పుడు ఆరు ఈవెంట్లు, ఈ వరసలోనే: మోకాళ్ళ మీద కూర్చుని బాస్కెట్‌బాల్ విసరడం, పుల్-అప్స్, షటిల్ రన్ (రెండు గీతల మధ్య అటూ ఇటూ పరుగెత్తడం), ఒక నిమిషం సిట్-అప్స్, ఒక నిమిషం పుష్-అప్స్, చివరికి మైలు పరుగు. అప్పట్లో అమ్మాయిలకు పూర్తి మార్కులు రావాలంటే బంతి 66 అడుగులు, పుల్-అప్స్ 7, షటిల్ 8.6 సెకన్లు, సిట్-అప్స్ 95, పుష్-అప్స్ 50, మైలు 6 నిమిషాలు. అబ్బాయిలకు 102 అడుగులు, 18, 7.8 సెకన్లు, 95, 75, 5 నిమిషాల 20 సెకన్లు. ఇవి చూసి గుండె ఆగిపోనక్కర్లేదు, అన్నిట్లో పూర్తి మార్కులు తెచ్చుకునే పిల్లలు అరుదు. వెస్ట్ పాయింట్ లెక్కలో చదువుకు 60 శాతం, నాయకత్వానికి 30, ఈ ఫిట్‌నెస్‌కి 10. పదే కదా అని వదిలేస్తే కుదరదు, ఎందుకంటే ఇందులో పాస్ కాకపోతే మిగతా తొంభై ఎంత బాగున్నా ఫైలు ముందుకు కదలదు. అలాగని దీనికోసం కాల్‌క్యులస్ పక్కన పెట్టించకండి. రూల్స్ అప్పుడప్పుడూ మారుస్తుంటారు, అందుకని మీ అమ్మాయి అప్లికేషన్ పోర్టల్‌లో ఉన్న సూచనల కాగితం ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద అంటించండి.

చాలామంది పట్టించుకోనిది ఈవెంట్ల మధ్య విరామం. మొదటి ఐదింటి మధ్య ప్రతిసారీ 3 నిమిషాలే, మైలుకు ముందు 8 నిమిషాలు. అంటే దాదాపు నలభై నిమిషాల్లో అంతా అయిపోతుంది. బంతికీ పుల్-అప్‌కీ పుష్-అప్‌కీ వాడేది ఆ భుజాలే, ఆ చేతులే. తాజాగా ఉన్నప్పుడు 40 పుష్-అప్స్ తీసే పిల్ల, పుల్-అప్స్ అయ్యాక 30 తీస్తే గొప్ప. అందుకే ఒక్కోటీ విడిగా బాగా వస్తోందని సంబరపడకుండా, మూడు వారాలకోసారి మొత్తం టెస్ట్‌ని అదే వరసలో అదే విరామాలతో చేయించండి, ఆ రోజు వచ్చిన అంకెలే అసలైనవి. మిగతా రోజుల్లో ఏది వెనకబడిందో దాని మీదే పని. మీ అమ్మాయి పరుగు బాగుంది కాబట్టి ఇంకా పరుగెత్తాలని ఉబలాటపడుతుంది, బాగా వచ్చిందే మళ్ళీ మళ్ళీ చేయాలనిపించడం సహజం, కానీ మైలులో పది సెకన్లు తగ్గించడానికి పడే కష్టం చేతుల మీద పెడితే వచ్చే లాభం చాలా ఎక్కువ.

ఇక పుల్-అప్. మా అమ్మాయి ఇచ్చినప్పుడు అమ్మాయిలకు దీని బదులు ఫ్లెక్స్‌డ్ ఆర్మ్ హ్యాంగ్, అంటే గడ్డం బార్ పైన ఉంచి ఎంతసేపు నిలవగలిగితే అంతసేపు, అనే వెసులుబాటు ఉండేది. మా చుట్టుపక్కల వాళ్ళంతా "హ్యాంగ్ చేసేయమనండి, సులువు" అన్నారు. నా మాట వేరు. ఒక్క పుల్-అప్ వచ్చినా అదే చేయించండి, ఫైలు చూసేవాళ్ళకు ఆ ఒక్కటి కనపడుతుంది, పైగా లోపలికి వెళ్ళాక తాళ్ళూ గోడలూ ఎక్కడం ఎలాగూ తప్పదు. పుల్-అప్ కోసం చేసే సాధన హ్యాంగ్‌కి కూడా పనికొస్తుంది కాబట్టి నష్టం లేదు.

మా ఇంట్లో జరిగిన పద్ధతి చెప్తాను. బార్ కింద కుర్చీ వేసుకుని ఎక్కి, గడ్డం బార్ పైన పెట్టి, కాళ్ళు కుర్చీ మీంచి తీసేసి, ఐదు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా కిందికి దిగడం. పైకి లాగలేని చెయ్యి కిందికి దిగేటప్పుడు మాత్రం బరువు ఆపగలదు, ఆ ఆపడంలోనే బలం వస్తుంది. ఒక్కో విడతకు మూడు నాలుగు సార్లు దిగడం, ఇలా మూడు విడతలు, వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక రోజు ఖాళీ. మొదట్లో "ఒకటి, రెండు" అనేలోపే దబ్బున కిందికి వచ్చేసేది, ముఖ్యంగా మోచేయి సగం వంగి ఉండే చోట పట్టు జారిపోయేది. అక్కడే ఒక క్షణం ఆగి నిలవమనేదాన్ని. దీనితో పాటు చేతులు నిటారుగా ఉంచి వేలాడుతూ భుజాలు మాత్రం చెవులకు దూరంగా కిందికి లాక్కోవడం నేర్పించండి. చూడ్డానికి ఏమీ జరగనట్టే ఉంటుంది కానీ పుల్-అప్ మొదలయ్యేది అక్కడే, చాలామంది పిల్లలు ఆ మొదటి రెండు అంగుళాలే లాగలేరు. పార్కులో నడుమెత్తు బార్ ఉంటే దాని కింద పడుకుని, మడమలు నేలకు ఆనించి ఛాతీని బార్ దాకా లాక్కోవడం కూడా మంచిదే.

మొదటి పుల్-అప్ వచ్చాక పద్ధతి మారిపోతుంది. అప్పట్నుంచి అలసిపోయేదాకా చేయించకూడదు. బార్ ఆమె గది గుమ్మానికే ఉండేది, లోపలికి వెళ్ళినప్పుడొకటి, బయటికి వచ్చినప్పుడొకటి, అంతే. రెండు వచ్చే స్థితిలో ఉన్నా ఒక్కటే. అలా రోజంతా కలిపితే చాలా అవుతాయి, చెయ్యి ఎప్పుడూ అలిసిపోదు. సున్నా నుంచి నాలుగుకి చేరింది, టెస్ట్‌లోనూ నాలుగే వచ్చాయి. కాళ్ళు ఊపి ఎగరడం చెల్లదు, కిందికి వచ్చినప్పుడు మోచేతులు పూర్తిగా తెరుచుకోవాలి, పైకి వెళ్ళినప్పుడు గడ్డం బార్ దాటాలి, పైగా చెప్పిన లయ ప్రకారం ఎక్కి దిగాలి. కాబట్టి ఇంట్లో ఎవరో ఒకరు "పైకి, కిందికి" అంటూ చెప్తుండండి. మోచేతి లోపలి వైపు నొప్పి మొదలైతే వారం పాటు బార్ ముట్టుకోనివ్వకండి, ఆ నొప్పిని లెక్కచేయకుండా చేస్తే నెలలు పోతాయి.

బాస్కెట్‌బాల్ సంగతికొస్తే, అందరూ ఇదేం ఈవెంట్ అని నవ్వుతారు, తీరా మార్కులు పోయేది ఇక్కడే. మోకాళ్ళు నేల మీద ఉండడంతో కాళ్ళ బలం ఏమీ పనికిరాదు, అంతా నడుము తిప్పడంలోనూ భుజంలోనూ రావాలి. మూడు సార్లు విసరనిస్తారు, అందులో ఎక్కువ దూరం వెళ్ళింది తీసుకుంటారు. చిన్న చెయ్యి, పెద్ద బంతి కాబట్టి బేస్‌బాల్ విసిరినట్టు మోచేయి వంచి విసరబోతే బంతి జారి పక్కకు పోతుంది. వేళ్ళు బాగా చాచి, బంతిని అరచేతికీ ముంజేతికీ ఆనించుకుని, ఛాతీని వెనక్కి తిప్పి, ముందు నడుము, తర్వాత భుజం, చివరికి చెయ్యి తిరిగేలా విసరమనండి. ఇంకో లోపం, బంతిని నేలకు సమాంతరంగా కొట్టినట్టు విసరడం. దీనికి మాకు దొరికిన ఉపాయం సాకర్ గోల్‌పోస్ట్. దాని అడ్డకర్ర 8 అడుగుల ఎత్తులో ఉంటుంది. పది అడుగుల దూరంలో యోగా మ్యాట్ మడిచి మోకాళ్ళ కింద పెట్టుకుని, బంతి ఆ అడ్డకర్ర మీదుగా బాగా ఎత్తులో దాటేలా విసరాలి. చదునుగా వేస్తే నెట్‌లో పడుతుంది, ఎవరూ చెప్పనక్కర్లేకుండా తనకే తెలిసిపోతుంది. ఆ ఒక్క మార్పుతోనే మా అమ్మాయికి ఐదారు అడుగులు పెరిగాయి. వారానికి రెండు రోజులు చాలు, భుజాలు వేడెక్కాక గట్టిగా పది పన్నెండు విసుర్లు, అంతకంటే ఎక్కువైతే భుజం పట్టేస్తుంది. నాలుగు పౌండ్ల మెడిసిన్ బాల్‌ని, అంటే వ్యాయామానికి వాడే బరువైన బంతిని, గోడకేసి పక్కనుంచి తిప్పి కొట్టడం నడుముకు చాలా మంచిది, గ్యారేజ్ గోడ అయితే ముందే ఇంటాయనతో మాట్లాడుకోండి.

షటిల్ రన్ 30 అడుగుల గీతల మధ్య నాలుగు సార్లు, మొత్తం 120 అడుగులు. గీత దగ్గరకు వచ్చేముందే రెండు చిన్న అడుగులు వేసి వంగితే తిరగడం సులువు, నిటారుగా వచ్చి ఆగి తిరిగితే అర సెకను పోతుంది. జిమ్ నేల మీద బూట్లు జారతాయి, ముందు తడిగుడ్డతో బూట్ల అడుగుభాగం తుడిపించండి. ఇంతకంటే చెప్పడానికేం లేదు.

సిట్-అప్స్‌కి బలం కంటే లయ కావాలి. మా అమ్మాయి "తకధిమి తకధిమి" అనుకుంటూ చేసేది, తక అన్నప్పుడు పైకి, ధిమి అన్నప్పుడు కిందికి, నిమిషం చివరిదాకా వేగం తగ్గేది కాదు. మొదటి ఇరవై సెకన్లు చెలరేగిపోయి తర్వాత పడిపోయే వాళ్ళే ఎక్కువ. పుష్-అప్స్‌కి మోకాళ్ళు ఆనించి చేయించడం నాకు నచ్చదు, నడుము వాడకం అలవాటు కాదు. ఇంట్లో మెట్లు ఉంటే నాలుగో మెట్టు మీద చేతులు పెట్టి మొదలుపెట్టండి, తేలికయ్యాక మూడోది, రెండోది, అలా నేల దాకా. లెక్కపెట్టే పని మాత్రం ముద్దు చేసే వాళ్ళకు ఇవ్వకండి. మోచేయి 90 డిగ్రీలు వంగకపోతే నేను అంకె పలికేదాన్నే కాదు, "అమ్మా, అది అయింది" అని అరిచేది, నేను మళ్ళీ పాత అంకె దగ్గరే ఆగేదాన్ని. టెస్ట్ రోజున పి.ఇ. టీచరూ అలాగే లెక్కపెడతారు.

మైలు అంటే మామూలు ట్రాక్ మీద నాలుగు ల్యాపులు, ఇంకో తొమ్మిది మీటర్లు. 6 నిమిషాలంటే ల్యాపుకి 90 సెకన్లు. మీ అమ్మాయికి వేగం ఉంది, కానీ అలిసిన ఒంటితో మొదటి ల్యాపు ఎలా పరుగెత్తాలో తెలియాలి. అందుకే వారంలో ఒక రోజు పుష్-అప్స్, సిట్-అప్స్ అయ్యాక ఎనిమిది నిమిషాలు ఆగి పరుగెత్తించండి. మా టెక్సస్ ఎండలకు తెల్లవారకముందే ట్రాక్ మీదకు వెళ్ళేవాళ్ళం, తిరిగొచ్చేసరికి ఏడు కూడా అయ్యేది కాదు.

తిండి గురించి అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. బరువు తగ్గితే పుల్-అప్ వస్తుందని అమ్మాయిలు అన్నం మానేస్తారు. పరుగెత్తే పిల్ల, అందులోనూ శాకాహారి అయితే, ఐరన్ తగ్గిపోవడం మామూలే, ఒకసారి డాక్టర్ దగ్గర ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే రక్తపరీక్ష) చూపించండి. తర్వాత మెడికల్ పరీక్ష విడిగా ఉంటుంది, అప్పుడు బయటపడడం కంటే ఇప్పుడే తెలియడం నయం. పెసరట్టు, గుడ్లు, పనీర్, గట్టి పెరుగు, పప్పు, ఇవి చాలు, డబ్బాల్లో పొడులు మేం కొనలేదు. "ఆడపిల్లని ఆర్మీకి పంపుతారా" అని గుంటూరు నుంచి వచ్చే ఫోన్లకు మాత్రం ఏ తిండీ విరుగుడు కాదు, సౌండ్ తగ్గించేసుకోవడమే.

ఒక పని ఈ వారమే చేయండి. టెస్ట్ ఎవరు చేయిస్తారో, ఏ బార్ మీద చేయిస్తారో స్కూల్ పి.ఇ. టీచర్‌ని అడగండి. జిమ్‌లోని బార్ ఇంట్లో దానికంటే లావుగా ఉంటే పట్టు దొరకదు, నెలకు రెండు మూడు సార్లు ఆ బార్ మీదే సాధన చేయనివ్వమని అడిగితే ఎవరూ కాదనరు. జూన్‌లో జూనియర్లకు వెస్ట్ పాయింట్‌లో జరిగే సమ్మర్ లీడర్స్ ఎక్స్‌పీరియన్స్‌కి ఎంపికైతే అక్కడే ఈ టెస్ట్ పెడతారు, అంటే అనుకున్నదానికంటే ముందే సిద్ధం కావాలి, కాబట్టి బార్ కొనడం వచ్చే నెలకు వాయిదా వేయకండి.

వీలైతే ఈ ఆదివారం ఆరు ఈవెంట్లూ వరసగా చేయించి ఆ అంకెలు కామెంట్లో పెట్టండి, ఏది ముందు పట్టుకోవాలో చూసి రాస్తాను. భుజానికి గానీ మోచేతికి గానీ పాత దెబ్బలుంటే అవి ముందు చెప్పండి, బంతి విసరడం అప్పుడే మొదలుపెట్టించకూడదు.