వియత్నాం అంకెలు బాగున్నాయి, మరి షేర్లు?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లె. పదెకరాల్లో వనామీ రొయ్యలు వేస్తున్నాం. ఈమధ్య మేత కంపెనీ వాళ్లు రైతులను వియత్నాం తీసుకెళ్తే నేనూ వెళ్లొచ్చాను. అక్కడి ఫ్యాక్టరీలు చూసి ఆశ్చర్యపోయాను. ఇంటికొచ్చాక లెక్కలు వెతికాను. 2024లో జీడీపీ 7 శాతం పెరిగింది, ఎగుమతులు 400 బిలియన్ డాలర్లు దాటాయి, ద్రవ్యోల్బణం 4 శాతం లోపే ఉంది. మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది. ఇంజినీరింగ్ కోసం దాచిన 15 లక్షలు బ్యాంకులో ఉన్నాయి. ఫీజు, హాస్టల్ కలిపి ఏడాదికి రెండుంపావు లక్షలు అవుతుందని అంచనా. ఈ డబ్బు వియత్నాం షేర్ల ఫండులో పెడితే నాలుగేళ్లలో రెట్టింపు కాదా?

జవాబు: మీరు చూసిన అంకెలు సరైనవే. 2024లో వియత్నాం జీడీపీ 7.09 శాతం పెరిగి సుమారు 476 బిలియన్ డాలర్లకు చేరింది. ఎగుమతులు 405 బిలియన్లు, దిగుమతులు 381 బిలియన్లు, అంటే దాదాపు 25 బిలియన్ల మిగులు. ద్రవ్యోల్బణం 3.63 శాతం. ఒకప్పుడు యుద్ధంలో నలిగిపోయి, 1986లో ‘దోయ్ మోయ్’ సంస్కరణలతో తలుపులు తెరిచిన దేశం ఇక్కడిదాకా రావడం మామూలు విషయం కాదు. అయినా సరే, అమ్మాయి చదువు డబ్బు అందులో పెట్టొద్దు. ఎందుకో వివరంగా చెబుతాను, ఎందుకంటే మీలాగే జీడీపీ చూసి షేర్లు కొనాలనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

ముందు 2022 సంగతి చూడండి. ఆ ఏడాది వియత్నాం జీడీపీ 8 శాతం పెరిగింది. అదే ఏడాది హో చి మిన్ నగరం స్టాక్ ఎక్స్ఛేంజీ సూచీ వీఎన్ ఇండెక్స్ 1,498 నుంచి 1,007కు పడింది. మూడో వంతు హరీ. దేశం దూసుకుపోతున్న ఏడాదే ఇలా జరిగింది. ఆ అక్టోబరులో రియల్ ఎస్టేట్ వ్యాపారి చ్యూంగ్ మీ లాన్‌ను అరెస్టు చేశారు. సైగాన్ కమర్షియల్ బ్యాంకును గుప్పిట్లో పెట్టుకుని వెయ్యి కోట్ల డాలర్లకు పైగా దారి మళ్లించారన్నది కేసు. డిపాజిటర్లు బ్యాంకు ముందు క్యూ కట్టారు, కార్పొరేట్ బాండ్ల మార్కెట్టు స్తంభించింది. జీడీపీ అంకెలో ఇదేదీ కనిపించదు. అది కనిపించే అంకె వేరే ఉంది. అక్కడి బ్యాంకు రుణాలు జీడీపీలో 130 శాతం దాటాయి. ఆ స్థాయి దేశానికి ఇది బాగా ఎక్కువ. షేర్లు కొనాలనుకునేవారు వృద్ధి రేటు కంటే ముందు చూడాల్సింది దీన్ని.

ఇక ఎగుమతుల విషయం. మీరు ఆశ్చర్యపోయిన ఆ ఫ్యాక్టరీలు ఎవరివి? 405 బిలియన్ల ఎగుమతుల్లో దాదాపు 72 శాతం విదేశీ పెట్టుబడి కంపెనీలవే. హనోయ్ దగ్గర బాక్ నిన్, థాయ్ న్గుయెన్ రాష్ట్రాల్లో ఫోన్లు చేసే శాంసంగ్ ఒక్కటే మొత్తం ఎగుమతుల్లో 13 శాతం దాకా పంపుతోంది. ఆ కంపెనీ షేరు దొరికేది సియోల్‌లో, హో చి మిన్‌లో కాదు. మిగులును విడదీసి చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. విదేశీ కంపెనీలకు ముడి చమురుతో కలిపి 50 బిలియన్ల మిగులు, దేశీయ సంస్థలకు 25 బిలియన్ల పైగా లోటు. చెరువు లీజుకిచ్చిన ఆసామి పరిస్థితి మీకు తెలుసు కదా, పట్టుబడి ఎంత బాగున్నా ఆయనకొచ్చేది లీజు డబ్బే. వియత్నాంకు జీతాలు, పన్నులు, నైపుణ్యం వస్తున్నాయి, దేశానికి అది గొప్ప మేలు. లాభం మాత్రం చాలావరకు బయటి వాటాదారులది. వీఎన్ ఇండెక్స్‌లో బరువున్నవి వియత్‌కామ్ బ్యాంక్ వంటి బ్యాంకులు, విన్ గ్రూప్, విన్ హోమ్స్ వంటి రియల్ ఎస్టేట్ సంస్థలు. అంటే మీరు చూసింది ఫోన్ల ఫ్యాక్టరీని, కొనబోయేది ఎక్కువగా బ్యాంకులనూ అపార్ట్‌మెంట్లనూ.

ఒక లక్ష రూపాయలతో లెక్క వేసి చూద్దాం. వియత్నాం ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది 2007 జనవరిలో. ఆ ఉత్సాహంలో మార్చికల్లా వీఎన్ ఇండెక్స్ 1,170కి ఎగబాకింది. అప్పుడు డాలరు మనకు సుమారు 44 రూపాయలు, వాళ్ల కరెన్సీలో 16,000 డాంగ్‌లు. మీ లక్ష 3.6 కోట్ల డాంగ్‌లయ్యేది. 2024 చివరికి సూచీ 1,267. మీ డబ్బు 3.9 కోట్ల డాంగ్‌లు. ఈలోగా డాలరు 25,450 డాంగ్‌లకు, మనకు 85 రూపాయలకు పైకి చేరింది. తిరిగి మార్చుకుంటే డివిడెండ్లు పక్కన పెట్టి చేతికొచ్చేది సుమారు లక్షా 32 వేలు. దాదాపు పద్దెనిమిదేళ్లకు ఇది! అదే కాలంలో దేశం ఎగుమతులు 48 బిలియన్ల నుంచి 405 బిలియన్లకు పెరిగాయి. రూపాయి కూడా బాగా పడింది కాబట్టి ఆ మాత్రమైనా మిగిలింది, డాలర్లలో చూస్తే నష్టమే.

రెండో వైపు కూడా చెప్పాలి. 2009 ఫిబ్రవరిలో సూచీ 235కు పడినప్పుడు కొన్నవారికి ఇదే లెక్కన లక్ష ఆరు లక్షలు దాటేది. 2025లో సూచీ జోరుగా పెరిగింది, అందులో పెద్ద వాటా విన్ గ్రూప్ షేర్లది. ఆ అక్టోబరులో షేర్ల సూచీలు తయారుచేసే ఎఫ్‌టీఎస్‌ఈ రసెల్ సంస్థ వియత్నాంను ఎమర్జింగ్ (ఎదుగుతున్న) మార్కెట్ల జాబితాలోకి మారుస్తున్నట్టు ప్రకటించింది కూడా. కాబట్టి అక్కడ డబ్బు రాదని నేననడం లేదు. ఎప్పుడు వస్తుందో జీడీపీ చెప్పదు. మీ అమ్మాయి కాలేజీ ఫీజుకు మాత్రం గడువు తేదీ ఉంటుంది.

మీ విషయంలో నన్ను ఇంకా ఎక్కువ టెన్షన్ పెడుతున్నది వేరే ఉంది. 2024 వియత్నాం ఎగుమతుల్లో 119 బిలియన్లు అమెరికాకే వెళ్లాయి. 2025 ఏప్రిల్ 2న అమెరికా వియత్నాం సరుకుపై 46 శాతం సుంకం ప్రకటించింది. మర్నాడు ఒక్కరోజే వీఎన్ ఇండెక్స్ ఆరున్నర శాతానికి పైగా పడిపోయింది. జూలైలో 20 శాతానికి ఒప్పందం కుదిరాక మార్కెట్టు కొత్త ఎత్తులు చూసింది. అదే ఏప్రిల్‌లో మీ ఊళ్లో ఏం జరిగిందో నేను చెప్పక్కర్లేదు. మనపైనా సుంకం పడిందని కొనేవాళ్లు కౌంటు (కిలోకు వచ్చే రొయ్యల సంఖ్య) రేట్లు కోసేశారు. మీ చెరువు ఆదాయం ఇప్పటికే అమెరికా సుంకాల మీద వేలాడుతోంది. అమ్మాయి ఫీజు డబ్బు కూడా అదే కొక్కేనికి తగిలిస్తే, పంటకు రేటు లేని ఏడాదే ఫండు కూడా పడిపోయి కూర్చోవచ్చు. అప్పుడు మేత బాకీ ఎలా తీరుస్తారు, ఫీజు ఎలా కడతారు?

నేనైతే 15 లక్షలను ఇలా విడదీస్తాను. నాలుగేళ్ల ఫీజుకు 9 లక్షలు. వాటిని నాలుగు ఫిక్స్‌డ్ డిపాజిట్లుగా వేసి, ఒక్కొక్కటి ఫీజు కట్టే నెలకు ముందు చేతికొచ్చేలా గడువు పెట్టండి. డిపాజిట్ బీమా ఒక బ్యాంకులో 5 లక్షల వరకే, అదీ వడ్డీతో కలిపి, కాబట్టి రెండు బ్యాంకుల్లో వేయండి. 4 లక్షలు రొయ్యలకు వైట్ స్పాట్ వైరస్ తెగులు వచ్చి ఒక పంట పోతే తట్టుకోవడానికి, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేలా ఉంచండి. మిగిలిన 2 లక్షలు మీ ఇష్టం. వియత్నాం మీద అంత నమ్మకం ఉంటే అందులోంచి ఓ లక్ష, రెండేళ్లలో కొంచెం కొంచెంగా, పదేళ్లు ముట్టుకోననుకుని పెట్టండి.

పెట్టేటట్టయితే అమెరికాలో లిస్టయిన వియత్నాం ఈటీఎఫ్ (షేరులాగే కొని అమ్ముకునే ఫండు) సులువైన దారి. డబ్బు ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకు డబ్బు పంపేందుకు రిజర్వు బ్యాంకు పథకం) కింద పంపాలి. 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి 10 లక్షల వరకు టీసీఎస్ (పంపేటప్పుడే బ్యాంకు ముందుగా పట్టుకునే పన్ను) లేదు, దాటిన మొత్తంపై 20 శాతం పట్టుకుంటారు. మీరన్నట్టు 15 లక్షలూ పంపితే లక్ష రూపాయలు రిటర్ను వేసేదాకా అక్కడే ఇరుక్కుంటాయి. విదేశీ షేరు ఒక్కటి ఉన్నా రిటర్ను తప్పనిసరి, అందులో విదేశీ ఆస్తుల వివరాలు రాసే షెడ్యూల్ ఎఫ్‌ఏ నింపాలి. 24 నెలలు దాటాక అమ్మితే లాభంపై 12.5 శాతం పన్ను. ఆక్వా ఆదాయం వ్యవసాయ ఆదాయం కిందకు రాదు కాబట్టి మీ ఆడిటరుతో ఈ రెండూ కలిపి ఒకసారి మాట్లాడుకోండి.

వియత్నాం లెక్కలు చూడటం మాత్రం మానొద్దు. షేర్ల కంటే అవి మీ చెరువుకే ఎక్కువ పనికొస్తాయి. అక్కడి సముద్ర ఉత్పత్తుల ఎగుమతిదారుల సంఘం వాసెప్ రొయ్యల ఎగుమతులు ఏ దేశానికి ఎంత వెళ్లాయో తరచూ ప్రకటిస్తుంది. 2024లో వాళ్ల రొయ్యల ఎగుమతులు 4 బిలియన్ డాలర్లకు దగ్గరగా వచ్చాయి. వాళ్లు మన రొయ్యలను కూడా కొని, శుద్ధి చేసి తిరిగి అమ్ముతారు. అమెరికాకు వాళ్ల సరుకు తగ్గి చైనాకు పెరుగుతోందంటే ఆ కబురు మీ కౌంటు రేటుదాకా వస్తుంది. తర్వాతి పంటకు సీడ్ ఎంత వేయాలో తేల్చుకునే ముందు గత మూడు నెలల ఆ లెక్కలు, రొయ్యల ఎగుమతిలో ముందున్న ఈక్వెడార్ లెక్కలు పక్కపక్కన పెట్టుకుని చూడండి.