గోడౌన్ ఉద్యోగం మాన్పించే ముందు అమ్మాయి మాట వినండి మాస్టారూ

నరసరావుపేట నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు రాశారు. అమ్మాయి బీకాం చదివి ఏడాదిన్నరగా మేడ్చల్ దగ్గర ఒక బట్టల కంపెనీ గోడౌన్‌లో స్టాక్ చూసుకుంటోంది, జీతం పద్దెనిమిది వేలు. అక్కడ కొత్తగా ఆర్‌ఎఫ్‌ఐడీ, అంటే సరుకుకు అంటించిన ట్యాగును రేడియో తరంగాలతో చదివే పద్ధతి, పెడుతున్నారట, దాని బేసిక్స్ నేర్చుకుంటానంటోంది. మాస్టారేమో ఆ పని మాన్పించి అమీర్‌పేటలో డేటా సైన్స్ కోర్సులో చేర్చాలనుకుంటున్నారు. ఫీజు లక్షా పదివేలు, మొదటి వాయిదా కట్టేశారు కూడా. రెండూ పోల్చి ఏది మేలో చెప్పమన్నారు.

మాస్టారూ, చెబుతాను. కానీ ముందు ఒక మాట. మీ ఉత్తరంలో 'గోడౌన్' అనే మాట తొమ్మిదిసార్లు వచ్చింది, మీ తమ్ముడి కొడుకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మూడుసార్లు వచ్చింది, అమ్మాయికి ఆ పని నచ్చిందో లేదో ఒక్కసారి కూడా రాలేదు. ఇలాంటి ఉత్తరాలు నాకు ఎన్నో వస్తాయి, వాటిలో కోర్సుల పేర్లు మారుతుంటాయి కానీ లోపలున్న టెన్షన్ ఒకటే. రేపు సంబంధం వాళ్లొచ్చి అమ్మాయి ఏం చేస్తోందంటే గోడౌన్‌లో చేస్తోందని ఎలా చెప్పాలి అని. ఆ బాధ నాకు అర్థమవుతుంది. అయితే మీ ఇబ్బంది తీరడానికి పిల్ల సొంతంగా సంపాదించుకున్న పని మాన్పించడం న్యాయం కాదు, ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన మీకు ఈ మాట నేను చెప్పాల్సి రావడం కష్టంగా ఉంది.

ఆమె నేర్చుకుంటానంటున్నది ఏదో వింత విద్య కాదు. కారు అద్దానికి అంటించే ఫాస్టాగ్ కూడా ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగే. దానిలో బ్యాటరీ ఉండదు, టోల్‌గేటు దగ్గరున్న రీడర్ పంపే రేడియో తరంగం నుంచే కాస్త శక్తి తీసుకుని తన నంబరు తిరిగి చెబుతుంది. గోడౌన్‌లో జరిగేదీ ఇదే. బార్‌కోడ్ అయితే ఒక్కో చొక్కా బయటికి తీసి చూపించాలి, ఇక్కడ అట్టపెట్టె విప్పకుండానే లోపలున్న వాటన్నిటినీ ఒక్కసారిగా చదవచ్చు. ఇంకో తేడా ఉంది. మామూలు బార్‌కోడ్ 'ఈ రకం చొక్కా' అని మాత్రమే చెబుతుంది, ట్యాగు 'ఈ చొక్కా' అని చెబుతుంది, అంటే ఒకే రకం చొక్కాలు వంద ఉంటే వంద నంబర్లు.

అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. నీళ్లు ఆ తరంగాన్ని పీల్చేస్తాయి, లోహం వెనక్కి కొడుతుంది, కాబట్టి బట్టలకు తేలిగ్గా కుదిరింది రేకు నూనె డబ్బాలకు అంత తేలిగ్గా కుదరదు. తలుపు దగ్గర పెట్టిన రీడర్ పక్క ర్యాక్‌లోని సరుకును కూడా చదివేసి, కదలని పెట్టెను లారీ ఎక్కినట్టు చూపిస్తుంది. ఒకే ట్యాగును పదేపదే చదువుతుంది, ఆ లెక్కంతా వడగట్టాలి. అమెరికాలో ఈ రీడర్లు 902 నుంచి 928 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తాయి, మన దగ్గర 865 నుంచి మొదలయ్యే బ్యాండ్, అక్కడి సెట్టింగుతో తెచ్చిన రీడర్‌ను ఇక్కడ అలాగే వాడకూడదు. ఏ పెట్టె ఏ తలుపు నుంచి పోతుందో, లెక్క ఎక్కడ తప్పుతుందో ఏడాదిన్నర కళ్లారా చూసిన మనిషికి ఈ పాఠాలు ఇట్టే ఎక్కుతాయి. అదే మీరు మాన్పిద్దామనుకుంటున్న పని.

బీకాం అమ్మాయికి ఎలక్ట్రానిక్స్ ఎందుకన్నారు. యాంటెన్నా డిజైన్ చేయాలంటే ఈసీఈ కావాలి, నిజమే, కానీ వ్యాపారంలో దీన్ని నడపడమంటే సగం లెక్కల పనే. 2003లో వాల్‌మార్ట్ తన పెద్ద సరఫరాదారులు వందమందిని 2005 జనవరికల్లా పెట్టెలకు ట్యాగులు వేయమంది. ట్యాగు ఖర్చు వాళ్ల మీద పడింది, లాభం ఎక్కువగా దుకాణానికి పోయింది, అనుకున్నంత వేగంగా సాగకపోవడానికి అదొక పెద్ద కారణం. ట్యాగు అయిదు రూపాయలనుకుందాం, రెండు వేల రూపాయల చొక్కాకు అది లెక్కలోకి రాదు, పది రూపాయల బిస్కెట్ ప్యాకెట్‌కు వేస్తే మునిగిపోతాం. ఎవరు పెట్టుబడి పెడుతున్నారు, ఎవరికి మిగులుతోంది అన్నది బీకాం ప్రశ్నే కదా.

ఇక డేటా సైన్స్. గణితం, స్టాటిస్టిక్స్ మీద ఇష్టం ఉన్నవాళ్లకు అది మంచి దారి, అందులో సందేహం లేదు. నా సందేహమంతా మూడు నెలల కోర్సుల మీద. నా దగ్గరకొచ్చే రెజ్యూమేలలో చాలావాటిలో అవే రెండు ప్రాజెక్టులు, ఇళ్ల ధరల అంచనా, టైటానిక్‌లో ఎవరు బతికారన్న అంచనా. చేసిన పిల్లలను ఈ లెక్క ఎందుకు ఇలా వచ్చిందమ్మా అంటే తలదించుకుంటారు, తప్పు వాళ్లది కాదు, అంత తొందరగా ఎవరికీ రాదు. 'నూరు శాతం ప్లేస్‌మెంట్' అన్నవాళ్లను ఆ మాట కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి, ఎంతమంది పెడతారో చూద్దాం. పైగా అసలైన గోడౌన్ డేటా రోజూ మీ అమ్మాయి ముందే ఉంది, ఎక్సెల్ గట్టిగా పట్టుకుని, డేటాబేస్ నుంచి కావలసిన లెక్క తీసే ఎస్‌క్యూఎల్ భాష నేర్చుకుంటే, ఆమె పరిశీలించే లెక్క ఎవరో ఇచ్చిన అభ్యాసం లెక్క కంటే విలువైనది.

ఆర్‌ఎఫ్‌ఐడీని కూడా నేను ఆకాశానికెత్తను. ఆ పేరుతో ఉద్యోగాల ప్రకటనలు పెద్దగా కనిపించవు. ఇన్వెంటరీ కంట్రోల్, వేర్‌హౌస్ సిస్టమ్స్ సపోర్ట్, ఇంప్లిమెంటేషన్ లాంటి పేర్లతో వస్తాయి, వాటికి ఇది అదనపు బలం. రైళ్లు ఢీకొనకుండా ఆపే 'కవచ్'లోనూ పట్టాల కింది స్లీపర్ల మీద ఇవే ట్యాగులు, ప్రయోగాలు మన దక్షిణ మధ్య రైల్వేలోనే జరిగాయి, అయితే అది ఇంజినీర్ల పని, దాన్ని చూపించి కోర్సు అమ్మేవాళ్లను నమ్మొద్దు.

కాబట్టి ఉద్యోగం మాన్పించకండి. పెద్ద ఫీజు కోర్సు ఇప్పుడే వద్దు. బార్‌కోడ్ నంబర్ల పద్ధతి చూసే జీఎస్1 సంస్థ ట్యాగుల ప్రమాణాలు ఉచితంగానే పెట్టింది, అవి చదువుకుంటూ, రీడర్లు బిగించడానికి వచ్చే వెండర్ మనుషుల పక్కన నిలబడే అవకాశం మేనేజర్‌ను అడగమనండి. బయట ఎక్కడైనా చేరితే రీడర్ చేతికిచ్చి నేర్పేచోటే చేరాలి, స్లైడ్లు చూపించేచోట వద్దు.

కట్టిన వాయిదాలో ఎంత వెనక్కిస్తారో రేపే అడగండి, రెండోది కట్టకండి. ఈసారి ఆమె ఇంటికొచ్చినప్పుడు, ఎన్‌ఎఫ్‌సీ (దగ్గర పెడితే ట్యాగును చదివే సదుపాయం) ఉన్న ఫోన్ లైబ్రరీ పుస్తకంలోని ట్యాగును చదువుతుంది కదా, మన కారు ఫాస్టాగ్‌ను ఎందుకు చదవదని అడగండి. ఒకటి 13.56 మెగాహెర్ట్జ్, ఇంకొకటి 865 దగ్గర అంటూ మొదలుపెడుతుంది. మధ్యలో తమ్ముడి కొడుకు ఊసెత్తకుండా చివరిదాకా వినండి.