ష్యూరిటీ సంతకం పెట్టే ముందు ఆ కాగితంలోని మాటలకు అర్థాలు

మీ బావమరిది రొయ్యల చెరువు అప్పుకు మిమ్మల్ని ష్యూరిటీ అడిగారని, బ్యాంకు కాగితంలోని హామీదారు, హైపోథికేషన్, తనఖా, నామినీ వంటి మాటలకు మామూలు తెలుగులో అర్థం కావాలని రాశారు. నేను వకీలును కాను. అమలాపురం దగ్గర నాలుగెకరాల కొబ్బరితోట ఉన్న మాజీ బడిపంతులును. ఈ మాటల్లో సగం డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను.

ముందు ష్యూరిటీ సంగతి. మన ఊళ్లలో జామీను అంటే ‘ఈ మనిషి నాకు తెలుసు, మంచివాడు’ అని చెప్పడమే అనుకుంటాం. 2012లో చిన్ననాటి స్నేహితుడి రొయ్యల చెరువు అప్పుకు నేను సంతకం పెట్టింది ఆ ఉద్దేశంతోనే. 1872 నాటి కాంట్రాక్టు చట్టం లెక్క వేరు. కాగితంలో ప్రత్యేకంగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో హామీదారుకూ అంతే. ముందు అతని మీద దావా వేసి, ఏమీ దొరకకపోతేనే మీ దగ్గరకు రావాలన్న నియమం లేదు. నేరుగా మీకే నోటీసు రావచ్చు.

మీ కాగితంలో ‘కొనసాగే హామీ’ అని ఎక్కడైనా ఉందేమో వెతకండి. నా దాంట్లో ఉంది. చదివాను కూడా. ఒక్క పంటకే అనుకుని ఊరుకున్నాను. ఏటా అప్పు రెన్యువల్ అయిన ప్రతిసారీ నా పాత సంతకమే పనిచేసింది. ఇకముందు ఇచ్చే అప్పులకు నా హామీ లేదని బ్యాంకుకు రాసి ఇచ్చి మధ్యలో తప్పుకోవచ్చు, అప్పటికే వాడుకున్న సొమ్ముకు మాత్రం తప్పించుకోలేం. ఈ విషయం నాకు తెలిసేసరికి వనామీ రకం రొయ్యలకు తెల్లమచ్చ రోగం వచ్చి చెరువు ఖాళీ అయింది. మీకు సంతకం తప్పదనిపిస్తే, హామీ ఫలానా మొత్తం వరకే అని, ఈ ఒక్క పంటకే అని రాయించమని అడగండి. బావమరిది నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి.

స్నేహితుడి ఏరియేటర్లు (చెరువు నీటికి గాలి అందించే యంత్రాలు), మేత నిల్వ బ్యాంకుకు హైపోథికేషన్‌లో ఉండేవి. అంటే వస్తువు అతని దగ్గరే ఉంటుంది, అతనే వాడుకుంటాడు, అప్పు తీరకపోతే మాత్రం దాన్ని పట్టుకుని అమ్ముకునే హక్కు బ్యాంకుది. అంత సరుకు ఉండగా అప్పు నాదాకా ఎందుకు వస్తుందిలే అని ధీమాగా ఉన్నాను. మేతను రొయ్యలు తిన్నాయి, రొయ్యలను రోగం తినేసింది. ఏరియేటర్లు పాత ఇనుము ధరకు పోయాయి. బంగారం తాకట్టు ఇలా కాదు, నగ బ్యాంకు బీరువాలోకి వెళ్లిపోతుంది. తనఖా పొలానికీ ఇంటికీ వాడే మాట. మామూలుగా సాగు మీరే చేసుకుంటారు, ఆస్తి మాత్రం అప్పుకు ముడిపడి ఉంటుంది. అప్పుకు హామీగా దస్తావేజులు బ్యాంకులో ఉంచడం కూడా తనఖా కిందికే వస్తుంది.

బ్యాంకు డిపాజిట్లో నామినీ అంటే డిపాజిట్ చేసినవారు పోయాక డబ్బు అందుకునే మనిషి. ఆ డబ్బు చివరికి ఎవరిదో వారసత్వం తేలుస్తుంది.

మీరు అడగలేదు కానీ, బీమాలో ‘తక్కువ బీమా’ అనే మెలిక కూడా ఒకటి ఉంది. అంబాజీపేటలో కురిడీ కొబ్బరి నిల్వ చేసే మా బంధువు ప్రీమియం కలిసివస్తుందని పది లక్షల సరుకుకు ఐదు లక్షలకే బీమా చేయించాడు. అగ్నిప్రమాదంలో రెండు లక్షల సరుకు కాలితే లక్షే వచ్చింది. సగానికి బీమా చేయిస్తే నష్టంలోనూ సగమే ఇస్తారు.

మళ్లీ నా కథకు వస్తాను. 2016లో బ్యాంకుకు 1,80,000 రూపాయలు కట్టాను. ఆ ఏడాది కొబ్బరి దింపులన్నీ కలిపినా చాలలేదు. హామీదారు కట్టిన డబ్బును అప్పు తీసుకున్నవాడి నుంచి రాబట్టుకునే హక్కు చట్టంలో ఉంది. స్నేహితుడి మీద దావా వేయడానికి మనసు ఒప్పక ప్రామిసరీ నోటు రాయించుకున్నాను, రూపాయి వడ్డీకి. రూపాయి వడ్డీ అంటే నెలకు నూటికి రూపాయి, ఏడాదికి 12 శాతం. రెండు రూపాయలంటే 24 శాతం, వినడానికి ఎంత చిన్నగా ఉన్నా.

అడగగానే తీర్చాలని రాసుకునే మామూలు నోటుకు రాసిన రోజు నుంచి మూడేళ్లే ఆయుష్షు. ఆలోగా కొంత కట్టి, నోటు వెనుక చెల్లు రాసి సంతకం పెడితే, కట్టిన రోజు నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క. మా నాన్నగారు దగ్గరి బంధువును చెల్లు అడగడానికి మొహమాటపడ్డారు, ఆ నోటుకు కాలదోషం పట్టింది, అంటే దావా వేసే గడువు దాటిపోయింది. నేను మొహమాటపడను. రెండేళ్లకోసారి సంక్రాంతికి స్నేహితుడు అరటి గెల పట్టుకుని వస్తాడు, పదివేలో పదిహేనువేలో ఇస్తాడు, నోటు వెనక్కి తిప్పి చెల్లు రాసి సంతకం పెడతాడు. మా ఆవిడ ఆ సంతకం అయ్యాకే కాఫీ తెస్తుంది.