‘చైతన్యం’ అన్న మాట కొట్టేసి చూడు

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన మూడో అధ్యాయం రెండుసార్లు చదివాను. సారా వ్యతిరేక ఉద్యమం మీద ఇన్ని కాగితాలు పోగేసిన ఓపికకు ముచ్చటేసింది. తీరా అసలు ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి “అక్షరాస్యత పెరిగి, మహిళల్లో చైతన్యం వచ్చి, ఉద్యమం పుట్టింది” అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. ఆ ‘చైతన్యం’ మీద ఎర్ర సిరాతో గీత గీశాను, కోపం తెచ్చుకోకు. చైతన్యం ఉందని నీకెలా తెలిసింది? ఉద్యమం వచ్చింది గనక. ఉద్యమం ఎందుకు వచ్చింది? చైతన్యం ఉంది గనక. గానుగెద్దు ఎంత దూరం నడిచినా గానుగ దగ్గరే ఉంటుంది.

రెండు విషయాలు జంటగా పెరిగాయని చూపిస్తే సగం పని కూడా అయినట్టు కాదు. ఒకటి రెండోదాన్ని ఏ దారిలో కదిలించిందో చెప్పాలి. ఆ దారినే మన సామాజికశాస్త్రంలో యంత్రాంగం అంటున్నాం. పత్రికలు చదివేవాళ్లకు ఈ మాట వినగానే కలెక్టరు, తహసీల్దారు గుర్తొస్తారు. నేను చెప్పేది గడియారం వెనక మూత తీస్తే కనిపించే పళ్లచక్రాల సంగతి. జేమ్స్ కోల్‌మన్ అనే అమెరికన్ సామాజికవేత్త దీనికి మంచి దారి చూపించాడు. పైన జరిగిన పెద్ద మార్పు నుంచి మనిషి దగ్గరికి దిగు. ఆ మార్పు ఆమె ముందున్న పరిస్థితిని ఎలా మార్చిందో, అప్పుడు ఆమె ఏం చేసిందో కనుక్కో. అలా వేలమంది చేసినవి కలిసి పెద్ద ఫలితం ఎలా అయ్యాయో చూడటానికి మళ్లీ పైకెక్కు. నువ్వు దిగనూ లేదు, ఎక్కనూ లేదు, పైనుంచి పైకే గెంతావు.

దిగితే ఏం కనిపిస్తుందో నా తప్పుతోనే చెబుతాను. నెల్లూరు జిల్లాలో పెద్దవాళ్లకు చదువు నేర్పే అక్షరదీపం తరగతులు రాత్రి బళ్లలో జరుగుతున్న రోజుల్లో ప్రశ్నావళి పట్టుకుని నేనూ ఒక ఊరు వెళ్లాను. ఎన్ని అక్షరాలు వచ్చాయని అడిగితే ఒక పెద్దావిడ నవ్వేసింది. సగం మరిచిపోయిందట. కూలి డబ్బు సారా కొట్టు పాలవుతోందన్న గొడవ ప్రతి ఇంట్లోనూ ఉందని ఆమెకు ముందే తెలుసు. ఆ గొడవను బయటికి మాట్లాడటానికి మిగతావాళ్లు కూడా సిద్ధంగా ఉన్నారని మాత్రం రాత్రి బడిలో కూర్చున్నాకే తెలిసింది. ఈ రెండు తెలియడాల మధ్య తేడా చూశావా? నా ప్రశ్నావళిలో ఆ జవాబు రాసుకోవడానికి గడే లేదు. తిరిగొచ్చి, అక్షరాస్యత శాతాలతో పట్టిక వేసి, వ్యాసం రాసి మెప్పు కూడా పొందాను. ఇప్పుడు ఆ వ్యాసం అడగకు, ఇవ్వను.

ఇక పైకెక్కడం. 1978లో మార్క్ గ్రానొవెటర్ అనే మరో అమెరికన్ సామాజికవేత్త ఒక చిన్న లెక్క చెప్పాడు. నూరుమంది గుంపులో ఒకరు ఎవరికోసమూ ఆగకుండా ముందుకు దూకే రకం. రెండోవారు ఒకరు దూకితే దూకుతారు, మూడోవారు ఇద్దరు దూకితే దూకుతారు, అలా నూరోవారి దాకా. మొదటి మనిషి కదిలితే నూరుమందీ కదులుతారు. ఇప్పుడు రెండో మనిషిని తీసేసి, ఇద్దరు దూకితేగాని దూకనివారిని ఆ చోట పెట్టు. మొదటి మనిషి ఒంటరిగా మిగిలిపోతుంది. మారింది ఒక్కరే, అయినా చూసేవాళ్లు ఒక ఊరు వీరగడ్డ, ఇంకోటి పిరికి ఊరు అంటారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారాను అడ్డుకున్నారు సరే, పక్క ఊళ్లో అప్పుడే ఎందుకు అడ్డుకోలేదని నువ్వు అడగనే లేదు. దూబగుంట కథ అక్షరాస్యత వాచకంలో పాఠమయ్యాక, చదివిన ఊళ్లలో ఎదురుచూస్తున్న ‘ఆ ఒక్కరు’ కాగితం మీద దొరికారేమో, ఆలోచించు.

ఊరి గొడవ ప్రభుత్వ నిర్ణయం దాకా ఎలా వెళ్లిందన్నది నీ అధ్యాయంలో అసలే లేదు. సారా దుకాణాల హక్కు వేలంలో అమ్ముడయ్యేది. వేలమంటే ఒక చోట, ఒక రోజు జరిగే వ్యవహారం. వందల ఊళ్ల కోపం ఒక్క గుమ్మం ముందు నిలబడే వీలు అక్కడే దొరికింది. 1992లో నెల్లూరు వేలాన్ని మహిళలు పదేపదే అడ్డుకున్నారు. దుకాణం నడుస్తుందో లేదో తెలియని చోట పాటదారు డబ్బు పెడతాడా? ఊరి కోపం ఖజానాకు తగిలింది ఆ మలుపులోనే అని నా నమ్మకం. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 నాటి సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు వేరే చక్రాల మీద తిరిగిన కథలు. వాటిని ఈ అధ్యాయంలోకి లాగకు.

ఒక్క హెచ్చరిక. ఇలాంటి కథలు అల్లడం మహా తేలిక. జరిగిపోయిన దేనికైనా పళ్లచక్రాలు బిగించవచ్చు. అందుకే నీ కథ తప్పయితే ఎక్కడ దొరికిపోతుందో ముందే రాసుకో. రాత్రి బడిలో కలిసి కూర్చోవడమే కారణమైతే, తరగతులు నిజంగా నడిచిన ఊళ్లు ముందు లేవాలి, కాగితాల మీదే నడిచినవి వెనకబడాలి. పొరుగూరిని చూసి లేచారంటావా, అప్పుడు ఉద్యమం సంతల వెంట, కూలికి వెళ్లే దారుల వెంట పాకి ఉండాలి. బడి ఉందా లేదా అన్నదానికి అక్కడ పెద్ద పట్టింపు ఉండదు. రెండూ కలిసి పనిచేసి ఉండవచ్చు కూడా, కానీ ఏది ఎక్కడ పనిచేసిందో తేదీలే చెబుతాయి. సాక్షరతా తరగతులు మన దగ్గర చాలా జిల్లాల్లో నడిచాయి. అన్నిచోట్లా ఇంత పెద్ద అలజడి రాలేదు. అలా నిశ్శబ్దంగా ఉన్న జిల్లా ఒకటి తీసుకుని నెల్లూరుతో పోల్చి చూడకుండా నెల్లూరు గురించి నిబ్బరంగా ఏమీ అనకు.

పాత జిల్లా పత్రికల కట్టల్లో ఏ ఊళ్లో ఏ రోజు సారా ఆగిందో ఒక జాబితా తయారుచెయ్యి. ఊరి పేరు, తేదీ, బడి నడిచిందా, సంత ఎంత దూరం, ఈ నాలుగు గళ్లు చాలు ముందు. అది పూర్తయ్యాక సంక్రాంతికి వచ్చేటప్పుడు తీసుకురా. పటం పరిచి కూర్చుందాం. మీ పెద్దమ్మ అరిసెలు వండుతానంటోంది, పటం మీద నూనె పడకుండా చూసుకోవాలి.

మీ పెదనాన్న